మంచం చూడని చదువు

ఆసుపత్రి పనికి మనం కొత్తవాళ్లం కాదు. మంత్రసాని మన అమ్మే. శవాల గదిలో కత్తి పట్టింది మన తాతే. వార్డుల్లో రక్తం, చీము కడిగింది రెల్లివీధి ఆడవాళ్లే. అప్పుడది అంటు పని. అందుకే మనకి వదిలేశారు. అదే రక్తాన్ని గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూస్తే శాస్త్రమయింది. దానికి డిగ్రీ వచ్చింది, తెల్లకోటు వచ్చింది, ఫీజు వచ్చింది. విలువ వచ్చేసరికి గుమ్మానికి అడ్డుకర్ర పడింది.

రిజర్వేషనూ స్కాలర్‌షిప్పూ పట్టుకుని సీటు దాకా వెళ్తున్నాం. సీటు తర్వాత ఏటి?

మాకు తెలిసిన గుంట ఒకర్తి డయాలసిస్ కోర్సు చదివింది. రెండు బస్సులు మారి వెళ్లేది. ఆ కాలేజీకి సొంత ఆసుపత్రి లేదు. మిషను బొమ్మ బోర్డు మీద గీసి పాఠం అయిందనిపించారు. ట్రైనింగని ఒక నర్సింగు హోముకి పంపితే చీటీలు రాయించారు, స్ట్రెచర్లు తోయించారు. "ఏటి నేర్చుకున్నావమ్మా?" అనడిగాం. "ఫైళ్లు మొయ్యడం నేర్చుకున్నాను బావూ, మిషను మీద సెయ్యి ఎయ్యనిస్తే కదా!" అంది. సర్టిఫికెట్లో మాత్రం గంటలన్నీ నిండిపోయేయి.

ఇది ఉద్దానం ఉన్న జిల్లా మాట. కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు ఊళ్లలో కిడ్నీ జబ్బుతో ఎన్ని కొంపలు కూలాయో అందరికీ తెలుసు. డయాలసిస్ అంటే సుమారు నాలుగు గంటలు మనిషి రక్తం బయటికొచ్చి శుద్ధయి తిరిగి లోపలికెళ్లాలి. ఒక్కసారికే దాదాపు 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు కావాలి. నీటిలో తేడా వస్తే ప్రాణానికే ముప్పు. సూది తప్పితే ఫిస్టులా పాడవుతుంది. బి.పి. పడిపోతుంటే నిమిషాల్లో కనిపెట్టాలి. ఇవి బోర్డు మీద వస్తాయా? మంచం పక్కన నిలబడితే వస్తాయి. ఆ మంచం మీద ఉన్నదీ మనవాళ్లే. టెక్నీషియనుకి పని రాకపోతే పోయేది మన ప్రాణమే.

2021లో పార్లమెంటు ఈ వృత్తులకో చట్టం చేసింది. డిప్లొమాకి కనీసం 2000 గంటలు, ఫిజియోథెరపీ లాంటి డిగ్రీలకి 3600 గంటలు అంది. బాగుంది. ఆ గంటలు ఎక్కడ గడిచాయో అడిగేదెవరు?

మంచాలు లేవనడానికి లేదు. ఒకప్పుడు పెద్ద జబ్బొస్తే విశాఖ కేజీహెచ్‌కే పరుగు. 2008లో శ్రీకాకుళంలో రిమ్స్ వచ్చింది. 2023లో విజయనగరంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. వాటి తలుపులు ఈ పిల్లలందరికీ ఎందుకు తెరవరు?

కొందరు పెద్దలు 'ప్రతిభ' అంటారు. చెరువు ముట్టుకోనివ్వనందుకే కదా 1927లో అంబేడ్కర్ మహద్ వెళ్లింది! నిన్న నీరు ముట్టనివ్వలేదు, నేడు మిషను ముట్టనివ్వరు. ముట్టనివ్వకుండా, 'వీళ్లకి పని రాదు' అంటే ఏం న్యాయం?

తప్పు మనలోనూ ఉంది. ఎన్ని సీట్లొచ్చాయని లెక్కపెట్టుకున్నాం గాని, లోపల ఏం నేర్పుతున్నారని అడగలేదు.

ఇప్పుడు అడుగుదాం. ఆసుపత్రి లేని కాలేజీ పిల్లలకి ప్రభుత్వ ఆసుపత్రిలో చోటు రాసివ్వాలి. ఆ చోట్లలోనూ రిజర్వేషను పాటించాలి. ట్రైనింగు కాలానికి స్టైపెండు, హాస్టలు ఇవ్వాలి. లేకపోతే సీతంపేట కొండల మీంచి వచ్చే సవర పిల్ల రాత్రి డ్యూటీ ఎలా చేస్తుంది? ఏ వార్డులో ఎన్ని గంటలు గడిచాయో రాసే పుస్తకం విద్యార్థి చేతిలోనే ఉండాలి. డిగ్రీలకి పరీక్ష పెట్టే విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం, డిప్లొమాలు చూసే సంస్థ జవాబు పత్రాలతో పాటు ఆ పుస్తకమూ దిద్దాలి.

మనం అడిగేది దయ కాదు. తరతరాలుగా కడిగిన చేతులివి. ఈ చేతులకి మిషను అందాలి.