పల్లెల్లో బియ్యం ఖర్చును దాటేసిన ప్రయాణ ఖర్చు.. లెక్క ఎలా తారుమారైంది?

బియ్యానికి పెట్టే డబ్బు కంటే బస్సు, ఆటో, పెట్రోల్‌కే ఎక్కువ పోతోందా? దేశవ్యాప్తంగా పల్లెల్లో పరిస్థితి ఇదేనని కేంద్ర గణాంక శాఖ గృహ వినియోగ వ్యయ సర్వే చెబుతోంది.

2011-12లో గ్రామీణ కుటుంబం ఖర్చు చేసే ప్రతి రూ.100లో ప్రయాణాలకు పోయింది రూ.4.20. 2023-24 నాటికి అది రూ.7.59కి చేరింది. అదే సమయంలో బియ్యం, గోధుమల లాంటి ధాన్యాల వాటా దాదాపు 11 శాతం నుంచి 5 శాతానికి పడిపోయింది. పట్టణాల్లోనూ ప్రయాణాల వాటా 6.52 నుంచి 8.46 శాతానికి పెరిగింది.

రూపాయల్లో చూస్తే.. 2023-24లో గ్రామీణ తలసరి నెల ఖర్చు రూ.4,122. అందులో ప్రయాణాలకు సుమారు రూ.313. నలుగురున్న ఇంటికి నెలకు రూ.1,250 అన్నమాట.

అయితే రెండు విషయాలు గమనించాలి. రేషన్‌లో ఉచితంగా వచ్చే బియ్యం విలువ ఈ లెక్కలో లేదు. ధాన్యాల వాటా తగ్గడానికి అదీ ఓ కారణమే. ఇక బండి కొన్న డబ్బు కూడా ఇందులో ఉండదు, అది వేరే పద్దు. అంటే అసలు భారం ఇంకా ఎక్కువే.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఏపీలో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు నిర్దేశిత ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. టికెట్ డబ్బులు మిగులుతున్నాయి, నిజమే. కానీ బస్సే రాని ఊరికి ఫ్రీ టికెట్‌తో లాభమేంటి? అక్కడ కూలికి వెళ్లాలన్నా, ఆస్పత్రికి వెళ్లాలన్నా షేర్ ఆటోనో, బైకో ఎక్కాల్సిందే. ఫ్రీ టికెట్‌తో పాటు పల్లెలకు ట్రిప్పులూ పెరిగితేనే ఆ ఇళ్లకు ఊరట.