ఎండ మనది, కొండ మనది... కరెంటు ఎవరిది?

పొదిలిలో మధ్యాహ్నం ఒంటిగంటకి మిరప చేలో నిలబడి చూశారా? ఆ ఎండకి కొరతే లేదు. కొరతల్లా రాత్రి ఏడింటికి. సోలార్ రాజకీయమంతా ఈ ఆరు గంటల్లోనే ఉంది. పగలు పట్టిన కరెంటుని రాత్రికి ఎక్కడ దాస్తారు? ఎవరి నేల మీద, ఎవరి కోసం?

పీఎం సూర్యఘర్ కింద ఎస్సీ, ఎస్టీ ఇళ్లకి 2 కిలోవాట్ల సోలార్ ఉచితం అంటోంది మన ప్రభుత్వం. వద్దనం. కానీ దానికి దాదాపు 200 చదరపు అడుగుల గట్టి కప్పు కావాలి. చెరువు గట్టు మీద గుడిసెలో బతికే యానాది కుటుంబం ఎక్కడ బిగించుకోవాలి? పైగా బ్యాటరీ లేని ప్యానెల్, లైను పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి షాక్ కొట్టకూడదని అలా చేశారు, అది సబబే. మరి నెత్తిన ప్యానెల్ పెట్టుకుని మనం చీకట్లో కూర్చోవాలా?

కంపెనీల కరెంటు దాచడానికి మాత్రం కొండలు కావాలట! పంప్డ్ స్టోరేజీ అంటే కొండపైన ఒక చెరువు, కింద ఒక చెరువు. మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు వదిలి టర్బైన్ తిప్పుతారు. 100 యూనిట్లు ఖర్చుపెడితే తిరిగొచ్చేది 75-80. పెదకోట, ఎర్రవరం, కురుకుట్టి, కర్రివలస... ఈ పేర్లన్నీ మన్యం పేర్లే. అక్కడి మనవాళ్లు వద్దని రోడ్డెక్కారు.

"బొగ్గు పోవాలి కదా, కాస్త త్యాగం చేయలేరా?" అంటారు. బొగ్గు పోవాలనే మనమూ అంటున్నాం. త్యాగం ప్రతిసారీ మన వంతే ఎందుకు? మాచ్‌ఖండ్, సీలేరు కరెంటు మైదానానికి దిగిపోయింది, ఆ కొండల్లో గూడేలు దశాబ్దాలు కిరసనాయిలు బుడ్డితోనే గడిపాయి.

మన్యానికి 1996 పెసా ఉంది, 1997 సమత తీర్పు ఉంది. గ్రామసభని దాటి అడుగు వేయనివ్వకండి. పొదిలి ఐదో షెడ్యూల్‌లో లేదు, ఆ కవచం మనకి లేదు. కాబట్టి ఇక్కడ గొంతే ఆయుధం.

అడగాల్సింది పెద్దదేం కాదు. కాలనీకొక ఉమ్మడి సోలార్, దానికొక బ్యాటరీ, దాన్ని బాగుచేయడం నేర్చిన మన పిల్లలు ఇద్దరు. బీహార్ ధర్నైలో 2014లో పెట్టిన ఊరి గ్రిడ్ బ్యాటరీలు పోయి మూలపడింది. సామాను ఇచ్చి చేతులు దులుపుకుంటే ఇక్కడా అంతే.

వచ్చే గ్రామసభలో లేచి నిలబడండి. "ప్యానెల్ ఇచ్చారు సరే, బ్యాటరీ ఏది?" అని అడగండి. జవాబు మినిట్స్ పుస్తకంలో రాసేదాకా కూర్చోకండి.