లెట్రిన్‌లో నీళ్లు దిగకపోతే



పోయిన వానకాలములో మా ఇంట్లో లెట్రిన్ నీళ్లు దిగడము మానేసినవి. రెండు బకెట్లు పోస్తే అంచుదాకా వచ్చి నిలిచేవి. ఆ రోజే ఇంటినిండా చుట్టాలు! నేను ముందూ వెనుకా చూడక దుకాణము నుండి ఆసిడ్ సీసా తెచ్చి పోశాను. అది పనిచేయలేదని మర్నాడు బ్లీచింగ్ పౌడరు డబ్బా పట్టుకొని బయలుదేరాను. మా ఇంటామె అడ్డము నిలిచి డబ్బా లాక్కున్నది గనుక సరిపోయింది. ఆసిడూ బ్లీచింగూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. గాలి ఆడని చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాల్చివేస్తుంది. తీరా చూస్తే బేసిన్‌లో ఏ లోపమూ లేదు. బయట గుంత దగ్గర పైపు విరిగి మట్టి లోపలికి దిగింది.

పట్నములో మోరీ పొంగితే మున్సిపాలిటీకి చెప్పుకుంటారు. ఇటిక్యాల చుట్టుపక్కల ఊళ్లలో ఇంటి పైపు మన వాకిట్లోని గుంతతోనో ట్యాంకుతోనో ముగుస్తుంది. దాని రోగము మనమే కనిపెట్టుకోవాలి.

ఇంట్లో ఒక్కచోట మాత్రమే నీళ్లు నిలిస్తే దోషము అక్కడే, బేసిన్ కింది వంపులో ఉన్నదని తెలుసుకోండి. అలాకాక, లెట్రిన్‌లో నీళ్లు పోస్తే స్నానాల గది జాలీలో గుడగుడ శబ్దము వచ్చినా, అన్నిచోట్లా ఒకేసారి నీళ్లు మెల్లగా దిగినా దోషము బయటి పైపులోనో ట్యాంకులోనో ఉన్నది. అప్పుడు గోడవతల ఉన్న చిన్న ఛాంబరు మూత తీసి, కాస్త దూరముగా నిలబడి, లోపల ఒక బకెట్టు పోయించండి. ఛాంబరులోకి నీళ్లు రాకపోతే అడ్డు ఇంటికీ ఛాంబరుకూ నడుమ ఉన్నది. ఛాంబరు ముందే నిండి ఉంటే అడ్డు దాని అవతల ఉన్నది. ఎండాకాలములో పైపు పోయే దారిలో ఒకచోట మాత్రమే గడ్డి పచ్చగా ఉండి నేల చెమ్మగా ఉంటే, అక్కడ పైపు కారుతున్నదని అనుమానించండి.

వంపులోని అడ్డు చాలాసార్లు రబ్బరు గిన్నె ఉన్న కర్రతో నాలుగుసార్లు గట్టిగా ఒత్తి లాగితే పోతుంది. పైపులో అడ్డు ఉంటే పొడవాటి వెదురు బద్దను ఛాంబరు వైపు నుండి మెల్లగా తోయండి. ఇనుప చువ్వతో పొడిస్తే ప్లాస్టిక్ పైపు పగులుతుంది. సలసల కాగే నీళ్లు పోస్తే అది మెత్తబడి వంగుతుంది. అసలు అడ్డు పడేది మన చేతులారానే. గిన్నెలు తోమిన బూడిద, ఇసుక, కొబ్బరి పీచు, నెలసరి గుడ్డలు, వెంట్రుకలు అందులోకే పోతాయి. గంజి, మిగిలిన అన్నము కుడితిలో పోస్తే గేదె తాగుతుంది. పైపుకు వాటితో పనిలేదు.

కృష్ణ, తుంగభద్రల నడుమనున్న మన నడిగడ్డలో నల్లరేగడి ఉన్నచోట ఇంకొక చిక్కు ఉన్నది. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దానితోపాటు పైపు అతుకులూ కదులుతాయి. మా పైపు విరిగినది ఇందుకే. విరిగిన ముక్క తీసి, అడుగున ఇసుక పరిచి, నాలుగడుగులకు ఒక అంగుళము చొప్పున వాలు ఇచ్చి కొత్త పైపు వేశాము. మేస్త్రీకి అది ఒక్క పూట పని. నల్లరేగడి నీళ్లు త్వరగా పీల్చుకోదు గనుక వానకాలములో గుంత ఊరికే నిండుతుంది. కొత్తగా గుంత కట్టేవారు గోడ చుట్టూ అడుగు వెడల్పున ఇసుకో సన్నకంకరో నింపితే నీళ్లు ఇంకడానికి దారి దొరుకుతుంది. స్నానము నీళ్లను ఆ గుంతలోకి వదలకండి. చేదబావికీ బోరుకూ గుంతను కనీసము 10 మీటర్ల దూరములో ఉంచండి.

2014లో స్వచ్ఛ భారత్ పథకము మొదలయ్యాక మన ఊళ్లలో రెండు గుంతల లెట్రిన్లు వచ్చినవి. అయితే రెండింటినీ ఒకేసారి నింపుతున్న ఇళ్లు నేను చూశాను. ఛాంబరులో రెండు దారులలో ఒకదానిని ఇటుకముక్కతో మూసి ఉంచాలి. మొదటి గుంత నిండాక దాని దారి మూసి రెండవది తెరవాలి. నిండిన గుంతను రెండేళ్లు కదపకుండా వదిలితే లోపలిది వాసన లేని ఎరువు అవుతుంది. దానిని పారతో తీసి పొలములో వేసుకోవచ్చును. వాననీళ్లు లోపలికి దిగకుండా మాత్రము చూసుకోండి.

సెప్టిక్ ట్యాంకు అలా కాదు. దాని అడుగున బురద పేరుకుంటుంది గనుక రెండు మూడేళ్లకొకసారి మోటారు ఉన్న ట్యాంకరును పిలిపించి తీయించాలి. ఇక్కడ అందరూ చెవియొగ్గి వినవలసిన మాట ఒకటి ఉన్నది. ట్యాంకులోకి మనిషి దిగకూడదు, తల కూడా పెట్టకూడదు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు ఉంటుంది. మొదట కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. వాయువు ఎక్కువైతే ముక్కుకు ఆ వాసన తెలియకుండా పోతుంది. వాసన లేదు గదా అని దిగినవాడు అక్కడికక్కడే పడిపోతాడు. వానిని తీయబోయి అన్నో కొడుకో దూకుతారు, వారూ పడతారు. ఒకే ట్యాంకులో ఇద్దరు ముగ్గురు పోవడము ఇందువలననే. మన పెద్దలు బావిలో దిగే ముందు దీపము దింపి చూసేవారు. ట్యాంకు దగ్గర ఆ పని చేయకండి, అక్కడ మీథేన్ అంటుకొని పేలవచ్చును. బీడీ కూడా ఆర్పండి.

రెండు వందలు ఇస్తే ఎవరో ఒకరు దిగుతారు లే అనే మాట మన నోటనే వింటున్నాను. 2013 నాటి చట్టము ప్రకారము రక్షణ సాధనములు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడము నేరము. దింపించిన ఇంటి యజమానికి రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చును. ఈ పనివారి పక్షాన పోరాడిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల దగ్గర, ఈ పనే చేసిన తెలుగు కుటుంబములో పుట్టినవారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన సంస్థ సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులోనే 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుండి ఇలా చనిపోయిన ప్రతివారి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2023లో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసింది. ఈ పని చేసే ఇళ్లవారు మన సంఘాలలోనూ ఉన్నారు, ఆదివారము మన పక్కనే కూర్చుంటారు.

ఈ వారము ఒకసారి మీ ట్యాంకు మూత చూడండి. బీట ఉంటే పిల్లలు దాని మీద ఆడకముందే మార్పించండి.

వచ్చే నెల చేదబావి నీళ్లను శుభ్రము చేసుకొనే విధము చూద్దాము.