వదిలిన చేపే రేపటి కూలి

ఫ్లోరిడా ఉప్పుటేర్లలో చేపల గైడ్ పడవ వెనకభాగంలో, ఇంజన్ మీద బిగించిన చిన్న బల్లెక్కి నిలబడతాడు. చేతిలో ఇరవై అడుగుల గెడ ఉంటుంది. మోకాలి లోతు కూడా లేని నీళ్లలో ఇంజన్ వేస్తే చేప చెదిరిపోతుంది, అడుగున పెరిగే గడ్డి తెగిపోతుంది. అందుకే ఇంజన్‌ను పైకెత్తేసి గెడతో నెడతాడు. డబ్బిచ్చి వచ్చిన అతిథి ముందుభాగంలో గాలంకర్ర పట్టుకుని కాచుకుని ఉంటాడు. పడవ మూతిని గడియారంలో పన్నెండుగా లెక్కపెట్టి, "పదకొండు దగ్గర, నలభై అడుగులు" అని వెనకనుంచి గొంతు తగ్గించి చెబుతాడు గైడ్. అటు చూస్తే నీటిపైన రాగిరంగు తోక ఊగుతుంటుంది. తోక మొదట్లో నల్లటి చుక్క కనిపిస్తుంది. అది రెడ్‌ఫిష్. పీతల కోసం మూతితో బురద కెలుకుతుంటే దాని తోక గాల్లోకి లేస్తుంది. మన రేవుల్లో వేలంపాటలో లక్షలు పలికే కచిడి కుటుంబానికి చెందిన చేపే ఇది.

ఇలాంటి ప్రయాణానికి అర రోజుకే వందల డాలర్లు తీసుకుంటారు. టాంపా, ఓర్లాండో, జాక్సన్‌విల్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు, వేసవిలో పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులకు ఈ పడవలు అందుబాటులోనే ఉంటాయి. అంత డబ్బు పోసి కొనుక్కునేది చేపను కాదు, పోటూ పాటూ తెలిసిన మనిషి కన్నును. పోటు ఎక్కుతుంటే చేప ఏ గడ్డి దిబ్బ మీదికి వస్తుందో, పాటు తీస్తుంటే ఏ కాలువ మూతి దగ్గర మాటు వేస్తుందో అతనికి తెలుసు. గైడ్‌గా పనిచేయాలంటే కోస్ట్‌గార్డ్ లైసెన్సు ఉండాలి. మొదటి మెట్టు లైసెన్సుకే 360 రోజుల పడవ అనుభవం చూపించాలి. దానితో ఆరుగురికి మించి ఎక్కించుకునే వీల్లేదు.

అయితే ఈ వృత్తిలో గమనించాల్సిన సంగతి వేరే ఉంది. వలవేసే మనిషికి చేప చిక్కితే ఆదాయం. గైడ్‌కు మాత్రం చిక్కిన చేప బతికి వెనక్కి వెళితేనే మరో అతిథి వస్తాడు, మరో కూలి పుడుతుంది. ఆంధ్ర తీరంలో పర్యాటకం పేరుతో ఏ పడవ కట్టినా ఈ లెక్క మీదే కట్టాలి. ఫ్లోరిడా ఈ లెక్కను దెబ్బలు తిన్నాకే నేర్చుకుంది.

1980ల తొలినాళ్లలో న్యూ ఆర్లీన్స్‌లో పాల్ ప్రుధోమ్ అనే వంటగాడు రెడ్‌ఫిష్ ముక్కకు వెన్న, మసాలా పట్టించి, ఎర్రగా కాలిన ఇనప పెనం మీద పైన నల్లబడేదాకా వేయించి వడ్డించాడు. ఆ వంటకం అమెరికా అంతటా పాకిపోయింది. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో తల్లిచేపల గుంపుల మీద పెద్దపెద్ద చుట్టు వలలు పడ్డాయి. విశాఖ తీరంలో రింగు వలల గొడవలు చూసినవారికి ఆ వలలు ఏం చేస్తాయో వేరే చెప్పనక్కర్లేదు. కొద్ది ఏళ్లలోనే పరిస్థితి ఎంత దిగజారిందంటే, 1980ల చివరలో గల్ఫ్‌లో కేంద్ర ప్రభుత్వ పరిధిలోని జలాల్లో రెడ్‌ఫిష్ వేటనే మూసేశారు. ఫ్లోరిడా తన తీరపు రెడ్‌ఫిష్‌ను అమ్మడాన్నే నిషేధించింది. కేంద్ర జలాల్లో పట్టినదాన్ని అమ్మకుండా 2007లో అధ్యక్షుడు జార్జ్ బుష్ ఉత్తర్వు ఇచ్చాడు. ఇవాళ అక్కడి హోటళ్లలో వడ్డించే రెడ్‌ఫిష్ చాలావరకు చెరువుల్లో పెంచినదే.

మిగిలిన చేపను కాపాడింది ఒక చిన్న కొలత. ఫ్లోరిడాలో తీసుకెళ్లడానికి అనుమతి ఉన్నచోట రెడ్‌ఫిష్ 18 అంగుళాలకు తగ్గకూడదు, 27కు మించకూడదు. చిన్నదాన్ని వదలమనే నియమం ప్రపంచమంతా ఉంది. పెద్దదాన్నీ వదలమనడంలోనే తెలివి ఉంది. ఉప్పుటేర్లలో మూడు నాలుగేళ్లు పెరిగిన రెడ్‌ఫిష్ ఆ కొలత దాటాక గుడ్లు పెట్టే గుంపులో కలుస్తుంది. అక్కడినుంచి దశాబ్దాలపాటు సంతతిని పెంచుతూనే ఉంటుంది.

స్నూక్ అనే మరో చేప సంగతి తెలుగువారు ఇంకా శ్రద్ధగా వినాలి. మడచెట్ల వేళ్ల మధ్య పొంచి ఉండి, పాటులో కొట్టుకొచ్చే రొయ్యను గుటుక్కున మింగే చేప ఇది. దీని అమ్మకాన్ని ఫ్లోరిడా 1957లోనే ఆపేసింది. ఈ చేప మగగా పెరిగి, తర్వాత ఆడగా మారుతుంది. అంటే పెద్దచేపల్లో ఎక్కువ తల్లులే. అందుకే అట్లాంటిక్ తీరంలో 28 నుంచి 32 అంగుళాల లోపు చేపను, అదీ రోజుకు ఒక్కటే తీసుకెళ్లనిస్తారు. గుడ్లు పెట్టే వేసవిలో ఆ ఒక్కటీ లేదు. 2010 జనవరి చలికి స్నూక్‌లు గుట్టలుగా చచ్చి తేలినప్పుడు వేటను మూసేశారు. గల్ఫ్ వైపు మళ్లీ తెరిచింది 2013లోనే.

మన పండుగప్ప సరిగ్గా ఇలాంటిదే. మడ అడవిలో మాటు వేసే తీరూ, మగగా పెరిగి ఆడగా మారే తీరూ రెంటికీ ఒకటే. ఒకప్పుడు శాస్త్రవేత్తలు రెంటినీ ఒకే కుటుంబంలో లెక్కవేశారు కూడా. భారీ పండుగప్ప పడిందంటే మనకు సంబరం, దాని చుట్టూ ఫొటోలు. వేటగాడి ఇంట్లో నెల గడిచేది దానితోనే కాబట్టి అతన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ సరదా కోసం గాలం వేసే పర్యాటకుడికి ఆ తల్లిచేపను ఇంటికి మోసుకెళ్లే హక్కు ఎక్కడిది?

వదలడం కూడా పనితనమే. మంచి గైడ్ ముందు తన చేతులు నీళ్లలో తడుపుకుంటాడు. పొడి చేయి తగిలితే చేప ఒంటిమీది జిగురు ఊడి, చర్మానికి జబ్బు పడుతుంది. దవడ పట్టుకుని నిలువునా వేలాడదీయనివ్వడు. ఒక చేయి పొట్ట కిందికి చేర్చి అడ్డంగా పట్టుకోమంటాడు. కొన లోపలికి వంగిన గాలమైతే పేగుల్లోకి పోకుండా పెదవి మూలన గుచ్చుకుంటుంది, తీయడం తేలిక. ఆఖరున చేప తలను వాలు నీటికి ఎదురుగా పెట్టి, తోక విదిలించి తనంతట తాను జారిపోయేదాకా పట్టుకుంటాడు. ఈ జాగ్రత్త వృథా పోదు. గాలానికి చిక్కి వదిలేసిన స్నూక్‌లలో నూటికి రెండు మాత్రమే చనిపోతాయని ఫ్లోరిడా పరిశోధకులు తేల్చారు.

చేప బతికితేనే తాను బతికే మనిషి నీటికి కూడా కాపలాదారు అవుతాడు. 2016లో ఓకిచోబీ సరస్సునుంచి వదిలిన మురికి నీరు ఉప్పుటేర్లను ముంచెత్తినప్పుడు ఫోర్ట్ మయర్స్ గైడ్లు 'కెప్టెన్స్ ఫర్ క్లీన్ వాటర్' అనే సంస్థ పెట్టి ప్రభుత్వాల మీద ఒత్తిడి తెచ్చారు. తూర్పు తీరాన 250 కిలోమీటర్ల పొడవున్న ఇండియన్ రివర్ లగూన్‌ది ఇంకా విషాదం. మురుగు, ఎరువులు చేరి 2011లో నాచు విపరీతంగా కమ్మేసింది. ఎండ అందక అడుగు గడ్డి సగానికి పైగా పోయింది. ఆ గడ్డి మేసి బతికే మనటీలనే నీటి జంతువులు ఆకలితో చచ్చిపోయాయి. 2021లో ఆ రాష్ట్రంలో సుమారు 1,100 మనటీలు పోయాయి. 2022 సెప్టెంబరులో, ఆ లగూన్‌లో రెడ్‌ఫిష్‌ను పట్టినా వదిలేయాల్సిందేనని నియమం పెట్టారు. అదే ఏడాది మరో నియమం కూడా పెట్టారు. అతిథులను తీసుకెళ్లిన రోజున గైడ్ తన వాటా కింద ఒక్క రెడ్‌ఫిష్ కూడా ఉంచుకోకూడదు.

ఇంతవరకూ ఫ్లోరిడాను చూసి నేర్చుకోవచ్చు. కానీ ఆ కథలో మనం నేర్చుకోకూడని అధ్యాయం కూడా ఉంది. 1994లో ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఓటేసి తీరజలాల్లో పెద్ద వలలను నిషేధించారు. 1995 జూలై 1న అది అమల్లోకి వచ్చింది. చేపలకు ఊరట దొరికిన మాట నిజమే. సరదా గాలగాళ్ల సంఖ్యాబలం ముందు తరతరాల వలకుటుంబాలు నిలవలేకపోయిన మాటా అంతే నిజం. సీడర్ కీ అనే ఊళ్లో కొందరు జాలర్లు ప్రభుత్వ శిక్షణతో గుల్లల సాగులోకి మళ్లి నిలదొక్కుకున్నారు. ఆ అవకాశం దొరకని ఊళ్లలో మాత్రం వలలు చుట్టి అటకెక్కించాల్సి వచ్చింది. వారాంతపు సరదా కోసం జీవనోపాధిని పక్కకు నెట్టడం అన్యాయం. ఆ అన్యాయాన్ని గోదావరి, కృష్ణ మొగల దగ్గర జరగనివ్వకూడదు.

ఈ మాట ఇప్పుడే చెప్పుకోవాల్సిన అవసరం ఉంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగ మడ అడవి 235 చదరపు కిలోమీటర్ల మేర ఉంది. చొల్లంగి దగ్గర చెక్కబాట మీద నడవడానికీ, పడవెక్కడానికీ జనం వస్తూనే ఉన్నారు. అక్కడ రేపు గాలం ప్యాకేజీ పెడదామని ఎవరికైనా ఆలోచన రావచ్చు. కర్ణాటకలో కావేరి ఒడ్డున భీమేశ్వరి, గాలిబోరె క్యాంపుల్లో ఏళ్ల తరబడి మహసీర్‌ను గాలంతో పట్టి వదిలే వేట సాగింది. స్థానికులే గైడ్లుగా బతికారు. 2010 దశకం మొదట్లో, అభయారణ్యంలో గాలం వేయడం కూడా వేటేనని వన్యప్రాణి చట్టం కింద దాన్ని ఆపేశారు. చట్టం సంగతి తేల్చకుండా మొదలుపెడితే చివరికి వీధిన పడేది ఆ గైడ్లే. కాబట్టి కోరింగ లోపల గాలం ఊసే వద్దు. అంతర్వేది, నాగాయలంక వంటి చోట్ల, అభయారణ్యం హద్దుకు బయట మాత్రమే ఆలోచించాలి.

అలా ఆలోచించినా గైడ్ లైసెన్సు ఆ ఊరి వేటకుటుంబాలకే ఇవ్వాలి. అక్కడి ఆటుపోట్లు వాళ్లకు తెలిసినంతగా హైదరాబాద్ కంపెనీకి తెలియవు. వాళ్ల వల మీద కొత్త ఆంక్ష ఏదీ పెట్టకూడదు. నియమాలన్నీ పర్యాటకుడి గాలానికే వర్తించాలి. చేపల కనీస కొలతలను కేరళ ఇప్పటికే చట్టంలోకి తెచ్చింది. పర్యాటక శాఖ మొదటి టెండరు పిలిచేలోపే మన మత్స్యశాఖ గాలానికి చిక్కే పండుగప్పకు కింది కొలతతోపాటు పైకొలత కూడా ప్రకటించాలి. ఆ జీవో రానంతవరకు ఒక్క గాలం పడవకు కూడా అనుమతి ఇవ్వకూడదు.