అప్పుడు 3డీ ట్వీట్.. ఇప్పుడు మైక్: అంబటి రాయుడు మాటల్లో పస ఎంత?

తిరుపతి, చిత్తూరు కుర్రాళ్లలో చాలామందికి ఐపీఎల్ అంటే చెన్నై టీమే. మనకు ఉప్పల్ కంటే చెపాక్ దగ్గర మరి! అందుకే గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు 2018లో పసుపు జెర్సీ వేసుకోగానే ఇక్కడ 'మనోడు' అయిపోయాడు. ఆ సీజన్‌లో 602 పరుగులు కొట్టాడు, చెన్నై కప్పు గెలిచింది.

ఇప్పుడు అదే రాయుడు కామెంటరీ బాక్స్‌లో ఉన్నాడు. ఏదో ఒకటి అంటాడు, అది మీ ఫోన్‌లో క్లిప్‌గా వచ్చేస్తుంది. కింద ఫ్యాన్స్ గొడవ.

ఈ సూటి మాట కొత్తదేం కాదు. 2019 ఫిబ్రవరిలో వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్‌పై 18కే 4 వికెట్లు పోతే, 90 కొట్టి టీమ్‌ను నిలబెట్టింది రాయుడే. వరల్డ్ కప్‌లో నాలుగో స్థానం అతనిదే అనుకున్నారు. ఏప్రిల్‌లో టీమ్ ప్రకటిస్తే పేరు లేదు. విజయ్ శంకర్ 'త్రీ డైమెన్షన్స్' ఉన్న ఆటగాడని చెప్పిన చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్‌ది కూడా గుంటూరే. వరల్డ్ కప్ చూడ్డానికి 3డీ కళ్లద్దాలు ఆర్డర్ చేశానని రాయుడు ట్వీట్ కొట్టాడు. తర్వాత శంకర్ గాయపడితే, స్టాండ్‌బైలో ఉన్న రాయుడిని కాదని మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. ట్వీట్‌కీ దానికీ సంబంధం ఉందని మనం తేల్చలేం. జులై 3న రాయుడు రిటైర్మెంట్ ప్రకటించాడు. రెండు నెలలు తిరక్కుండానే వెనక్కి తీసుకున్నాడు. కానీ 55 వన్డేలు, 47 సగటు దగ్గరే ఇండియా కెరీర్ ఆగిపోయింది.

ఐపీఎల్‌లో మాత్రం ముంబైతో మూడు, చెన్నైతో మూడు.. మొత్తం ఆరు టైటిళ్లు. 2023 ఫైనల్లో 8 బంతుల్లో 19 కొట్టి సెలవు చెప్పాడు. ఆ డిసెంబర్‌లో వైసీపీలో చేరి, పది రోజుల్లోపే బయటికొచ్చేశాడు. 2024 ఐపీఎల్‌కి మైక్ పట్టాడు.

ఆ సీజన్‌లోనే పెద్ద రచ్చ. ఆరెంజ్ క్యాప్‌తో కప్పు రాదు, చాలామంది తలా 300 పరుగులు చేస్తేనే వస్తుందన్నాడు. అప్పుడు క్యాప్ 741 పరుగులు చేసిన కోహ్లీ దగ్గరుంది. ఇక చెప్పాలా, బెంగళూరు ఫ్యాన్స్ విరుచుకుపడ్డారు.

సరే, కోహ్లీ పేరు పక్కన పెట్టి లెక్క చూద్దాం. 2008 నుంచి 2025 వరకు 18 సీజన్లు. ఆరెంజ్ క్యాప్ ఆటగాడి టీమే కప్పు గెలిచింది రెండంటే రెండుసార్లు. 2014లో కోల్‌కతా ఉతప్ప, 2021లో చెన్నై రుతురాజ్. 2018లో 735 పరుగులు చేసి క్యాప్ పట్టుకెళ్లిన విలియమ్సన్ టీమ్ హైదరాబాద్, ఫైనల్లో ఓడింది రాయుడు ఆడిన చెన్నై చేతిలోనే. అంటే అక్కసుతో అన్నాడనుకున్న మాటకి లెక్క గట్టిగానే ఉంది.

మరి ఆ లెక్క అభిమానికి ఎందుకు చేరలేదు? ఇందులో మా తప్పూ ఉంది. వెబ్ డెస్క్‌లో కూర్చుని ఇరవై సెకన్లు కట్ చేసేది మేమే. కోహ్లీ పేరు థంబ్‌నెయిల్ మీద పెడితే వ్యూస్ వస్తాయి, 18 సీజన్ల పట్టిక పెడితే రావు. అయితే రాయుడిది కూడా కొంత ఉంది. ఒక టీమ్ ఓడిన రాత్రే వాళ్ల సెలబ్రేషన్స్ మీద మాట్లాడితే వినేవాడికి విశ్లేషణ వినబడదు, పాత చెన్నై ఆటగాడే వినబడతాడు.

అన్నట్టు 2021లో రుతురాజ్ క్యాప్, కప్పు రెండూ గెలిచినప్పుడు, ఆ టీమ్ మిడిలార్డర్‌లో ఆడింది కూడా రాయుడే.