గంధకపు బ్యాటరీని ఎట్లు తూచవలెను?

విశాఖపట్టణమునందలి చమురు శుద్ధి కర్మాగారము మొదలుకొని దేశమునందలి ప్రతి శుద్ధి కర్మాగారమును ముడిచమురునుండి గంధకమును వేరుచేయుచునే యుండును. 2020 ఏప్రిల్ నుండి అమలునకు వచ్చిన బి.ఎస్.-6 నిబంధన ననుసరించి పెట్రోలు, డీజిళ్లలో అది పది లక్షల పాళ్లకు 10 పాళ్లను మించరాదు గనుక ఈ పని నేడు మరింత నిష్కర్షగా జరుగుచున్నది. ఇంత చౌకగా, ఇంత విస్తారముగా లభించు వస్తువు, కాంగో గనులనుండి రావలసిన కోబాల్టునకు బదులుగా మన బ్యాటరీలలో చోటు సంపాదించుకొనునేని కలుగు మేలును వర్ణింప బనిలేదు. పైగా గ్రాము గంధకము సిద్ధాంతరీత్యా 1,675 మిల్లీ ఆంపియర్-గంటల విద్యుత్తును ఇముడ్చుకొనగలదు; నేటి కార్లలో విరివిగా వాడు నికెలు-మాంగనీసు-కోబాల్టు ఆక్సైడు గ్రామునకు ఇంచుమించు 200 మాత్రమే ఇచ్చును. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నిలిపి, గంధకపు సెల్లు వోల్టేజి రెండు చిల్లర యేగాని మూడున్నర కాదను మాటను మరుగుపరచి, "ఎన్నో రెట్లు నడచు బ్యాటరీ" వచ్చుచున్నదని పత్రికలు అప్పుడప్పుడు చాటుచుండును.

ఈ ఆశ నిన్నటిది కాదు. గంధకమును ధనధ్రువముగా వాడు బ్యాటరీకి హెర్బర్ట్, ఉలామ్ అనువారు అమెరికాలో 1962 నాటికే పేటెంటు పొందియుండిరి. అరువదేండ్లు గడచినను అది సామాన్యుని స్కూటరులోనికి రాకపోవుటకు సగము కారణము గంధకపు స్వభావమైనచో, తక్కిన సగము పరిశోధకులు దానిని తూచుచున్న తీరు అని నా అభిప్రాయము.

స్వభావమును గూర్చి ముందు చెప్పుకొందము. గంధకము విద్యుత్తును ప్రసరింపనీయదు. కర్బనపు తోడు లేనిదే ఎలక్ట్రోడుగా నది పనికిరాదు. లిథియమును గ్రహించి లిథియం సల్ఫైడుగా మారునపుడు దాని ఘనపరిమాణము ఇంచుమించు 80 శాతము పెరుగును, ఛార్జి చేయునపుడు మరల తరుగును. ఈ ఉబ్బుట కుంగుటల నడుమ అల్యూమినియం రేకుపై పూసిన పూత బీటలువారి రాలిపోవును. అన్నిటికంటె చిక్కైనది మూడవది. ఎనిమిది పరమాణువుల గంధకవలయము తెగి లిథియముతో కూడునపుడు మధ్యదశలో ఏర్పడు పాలీసల్ఫైడులు విద్యుద్విశ్లేష్య ద్రవములో కరగిపోవును. గాజుపాత్రలో కూర్చిన సెల్లును డిశ్చార్జి చేయుచు చూచువారికి ఈ వ్యాధి కంటికే కనబడును: తేటగానున్న ద్రవము మొదట పసుపువారి, క్రమముగా గోధుమవన్నెకు తిరుగును. ఆ వన్నె ధనధ్రువమును విడిచి పోవుచున్న గంధకమే. అది ఎదుటి ధ్రువమైన లిథియము చెంతకు చేరి, అచట కొంత క్షయించి, మరల వెనుకకు వచ్చి, మరల పోవుచుండును. ఈ రాకపోకలలో ఛార్జి వృథా యగును, లిథియము పైపొర చెడును.

ఈ గంధకమును కట్టడిచేయుటకు జరిగిన ప్రయత్నములలో మిక్కిలి పేరుపడినది 2009లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయమున లిండా నాజర్ బృందము చేసినది. నానోమీటర్ల కొలదిలో రంధ్రములు గల కర్బనమును తీసికొని వారు కరగించిన గంధకమును అందులోనికి ఇంకించిరి. నాటినుండి నేటివరకు ఈ పనికి లాబొరేటరీలలో వాడుక యైన ఉష్ణోగ్రత 155 డిగ్రీలు. ద్రవగంధకము మిక్కిలి పలుచగా నుండునది ఆ పట్టుననే, మరి నాలుగైదు డిగ్రీలు దాటెనా, వలయములు తెగి గొలుసులుగా అల్లుకొని అది జిగటబారి రంధ్రములలోనికి దిగనని మొరాయించును. 2012లో తమిళనాట పుట్టి టెక్సాసున ఆచార్యుడైన ఆరుముగం మంతిరామ్, ధనధ్రువమునకును, ధ్రువములను వేరుపరచు సెపరేటరునకును నడుమ కర్బనపు పొర నొకదానిని నిలిపి, పారిపోవు పాలీసల్ఫైడులను అచటనే పట్టి మరల వినియోగింపజేసెను. 2013లో స్టాన్‌ఫర్డులో యీ సూయీ బృందము గంధకపు కణములను టైటానియం డయాక్సైడు పెంకులలో బంధించి, ఉబ్బుటకు లోపల చోటు విడిచి, 1,000 ఛార్జి-డిశ్చార్జి ఆవృత్తులు నడపెను. ఇవి నిక్కముగా మెచ్చదగిన పనులు. కాని ఆ పిమ్మట జరిగినది వేలంవెఱ్ఱి. గ్రాఫీను పట్టినవారు గ్రాఫీను, లోహపు ఆక్సైడులు పట్టినవారు ఆక్సైడులు. అరటితొక్క, కొబ్బరిచిప్ప, వరిఊక, కాలి బొగ్గగునది ఏది దొరకినను దానిలో గంధకమును పోసి, సామర్థ్యము ఇంత యని వ్యాసము ప్రకటించుట పరిపాటి యైనది.

ఆ సామర్థ్యమును గ్రాము గంధకమునకు లెక్కగట్టుటలోనే మోసమంతయు నున్నది. ఒక లెక్క వేసి చూడుడు. గ్రాము గంధకము, మంచి ఎలక్ట్రోడులో, 1,000 మిల్లీ ఆంపియర్-గంటలు ఇచ్చెననుకొందము, 2.1 వోల్టులకు అది 2.1 వాట్-గంటలగును. కాని లాబొరేటరీలో వాడు నాణెమువంటి కాయిన్ సెల్లులో గ్రాము గంధకమునకు 20 మిల్లీలీటర్ల విద్యుద్విశ్లేష్యమును పోయుట అరుదు కాదు. దాని బరువు 20 గ్రాములకు తక్కువ యుండదు. ఇక కర్బనము, రేకులు, సెపరేటరు, లిథియము, పై కవచము, ఏదియు కలుపకయే, ఈ ద్రవపు బరువుతోనే సెల్లు కిలోకు 100 వాట్-గంటలకు దిగిపోవును. బజారులోని మంచి లిథియం-అయాన్ సెల్లు 250 ఇచ్చుచున్నది గదా! పూత మందము సంగతియు నిట్టిదే. చదరపు సెంటీమీటరునకు ఒక మిల్లీగ్రాము గంధకము పూసిన ఎలక్ట్రోడు అందముగా పనిచేయును, కాని ఉపయోగపడు సెల్లునకు అయిదారు మిల్లీగ్రాములు కావలెను. ఆ మందమున పూత పగులును, అడుగునకు అయానులు చేరవు. ఎదుటనుండు లిథియపు బిళ్ల పావు మిల్లీమీటరు మందమున నున్నచో చదరపు సెంటీమీటరునకు 50 మిల్లీ ఆంపియర్-గంటలు దాచుకొన్నది. ఒకటి రెండు మాత్రమే వాడు ప్రయోగములో అది వందల ఆవృత్తులు చెడుచున్నను లోటు బయటపడదు. ఇట్టి సెల్లులో నెగ్గిన ఎలక్ట్రోడు పదార్థము నిజముగా నెగ్గినదో లేదో ఎవ్వరును చెప్పజాలరు.

నిజమైన తూకము జరిగిన చోట్లను చూడుడు. 2010లో క్వినెటిక్ సంస్థవారి జెఫిర్ అను మానవరహిత విమానము, పగలు సూర్యశక్తితోను, రాత్రులు సయన్ పవర్ సంస్థ లిథియం-గంధకపు బ్యాటరీలతోను, ఎడతెగక రెండు వారములు గాలిలో నిలిచెను. అచట బరువే ప్రధానము. వేల ఆవృత్తుల ఆయుష్షు అక్కరలేదు. నేలమీది వాహనమునకు ఆ ఆయుష్షు కావలెను, గంధకము తేలికపాటిది గనుక చోటు కూడ ఎక్కువ కావలెను. ఈ బ్యాటరీకై ఏండ్లతరబడి శ్రమించిన బ్రిటనులోని ఆక్సిస్ ఎనర్జీ సంస్థ 2021లో నిధులు చాలక దివాలా ప్రక్రియలోనికి పోయినది. ఈ బ్యాటరీ మొదట ఎగిరి, పిమ్మట నేలకు దిగునని నేను తలచుచున్నాను. కార్లవైపు తొందరపడి మాటలిచ్చుట దానికి మేలు చేయలేదు.

ఎలక్ట్రోడును మందముగా నిలుపు విద్య పేరు తెచ్చునది కాదు. బైండరును గూర్చి, అనగా పూతను రేకుకు అంటించి యుంచు బంకను గూర్చి, వ్యాసము వ్రాయుటకు ఉబలాటపడువారు కొద్దిమంది. అయినను 2020లో ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయమున మహ్దొఖ్త్ షైబానీ మొదలగువారు ఆ బంకనే పట్టుకొని, కణములనెల్ల ముంచివేయక వాటి నడుమ వంతెనలుగా మాత్రము నిలుచునట్లు కలిపి, ఉబ్బుటకు ఎడము చిక్కిన మందపు పూతలను సాధించిరి. నూరు క్రొత్త కర్బనములకంటె ఈ ఒక్క పనియే నాకు విలువైనదిగా తోచుచున్నది.

మన చెంతను సామగ్రి లేకపోలేదు. హైదరాబాదునందలి ఏ.ఆర్.సి.ఐ. అను పరిశోధనాకేంద్రము, కారైక్కుడిలోని కేంద్ర విద్యుద్రసాయన పరిశోధనాసంస్థ బ్యాటరీ పదార్థములపై పనిచేయుచున్నవి. మహబూబ్‌నగరు చెంత దివిటిపల్లిలో అమరరాజా వారు లిథియం సెల్లుల కర్మాగారమును తలపెట్టిరి. కొరతపడినది విశ్వవిద్యాలయపు విద్యార్థికి: అతనికి ఆర్గాను నింపిన గ్లవ్ బాక్సు, కాయిన్ సెల్లును నొక్కు యంత్రము దక్కును, అంతకు మించి దక్కదు. ఉపకారవేతనపు గడువులోపల వ్యాసము రావలెను గనుక పలుచని పూతయే అతనికి శరణ్యము. పలుచని పూతలలోను విజ్ఞానము లేకపోలేదు; రసాయనచర్య ఎట్లు సాగునో తెలిసికొనుటకు అదియే తగినది. కాని దానిని బ్యాటరీ యని పిలుచుటకు నిధులిచ్చువారు ఒప్పుకొనరాదు. పొడిగాలి గదియు, పూతయంత్రమును, సంచివంటి పౌచ్ సెల్లులు కూర్చు సరంజామాయు ఒక్కచోట నెలకొల్పి, రెండు తెలుగు రాష్ట్రముల విద్యార్థులును వంతులవారీగా వాడుకొనునట్లు చేసినచో, వేర్వేరు ప్రాజెక్టులకు విడివిడిగా పంచు సొమ్ముకంటె ఎక్కువ ఫలితము కలుగును. గంధకపు పూత మందము, ద్రవపు పాలు, లిథియపు ఆధిక్యము, సెల్లు మొత్తపు బరువు, ఈ నాలుగును మొదటి పుటలో లేని నివేదికను పరీక్షకులు చదువకయే త్రిప్పి పంపవలెను.