సన్నపట్టాల మీద మమకారం

రెండు పట్టాల లోపలి అంచుల నడుమ దూరాన్ని గేజ్ అంటారు. బ్రాడ్ గేజ్‌లో 1676 మిల్లీమీటర్లుండే ఆ దూరం, పర్లాకిమిడి సంస్థానాధీశుడు గౌరచంద్ర గజపతి చొరవతో నౌపడ నుంచి పర్లాకిమిడికి వేయగా 1900లో రాకపోకలు మొదలైన మార్గంలో 762 మిల్లీమీటర్లే కావడం వల్ల, మట్టిపని తగ్గి, తేలికైన పట్టాలు సరిపోయి, ఒక సంస్థానం తన ప్రజలకు రైలును ఇవ్వగలిగింది. తరువాత గుణుపురం దాకా సాగిన ఈ మార్గంలో చిన్న రైలు 2004లో ఆగిపోగా, 2011 నాటికి దాని స్థానంలో బ్రాడ్ గేజ్ వచ్చింది. ఇలా పట్టాలు పోవడమంటే ఏమిటో గోదావరి డెల్టాలోని రాయవరం ప్రాంతానికి వేరే చెప్పనక్కరలేదు: పొరుగున రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా 1928లో వేసిన కాకినాడ-కోటిపల్లి లైను, అది బ్రాడ్ గేజే అయినా, రెండో ప్రపంచ యుద్ధకాలంలో 1940లో పెకలింపుకు గురై, ఆ 2004లోనే మళ్లీ రైలును చూసింది. గేజ్ మార్పిడి ప్రయాణికులకు అవసరమే, అందులో వివాదం లేదు; అయితే అదే 762 మిల్లీమీటర్ల కల్కా-సిమ్లా మార్గాన్ని యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన దేశంలో, వేల్స్‌లోని టాలిలిన్ రైలును 1951 నుంచి స్వచ్ఛంద సేవకులు నడుపుతున్న కాలంలో, నౌపడ దగ్గర రెండు కిలోమీటర్ల సన్నపట్టాలైనా మళ్లీ పరచి ఆవిరి ఇంజనును నడపాలన్న అభిమానుల కోరిక న్యాయమైనది. బాయిలరును వేడిచేసి, ఒత్తిడిని కనిపెట్టే పనితనం చేతినుంచి చేతికే అందుతుంది. ఆ పని తెలిసినవారు ఇప్పటికే వృద్ధులు.